అన్నీ ఎనిమిదులే

బైరెడ్డిపల్లె పాలకేంద్రానికి
తెల్లారి నాలుగున్నరకి కరెంటొచ్చింది.
ఒకసారి వచ్చి, పోయి,
మళ్ళీ ఆలోచించుకుని వచ్చింది.

ముందు లేచింది కాటా.
అద్దంలో అన్నీ ఎనిమిదులే.
కొత్తలో బెదిరిపోయేదాన్ని,
క్యాను పెట్టకముందే ఇంత బరువు యాడిదని.
మిషన్లు బాగుచేసే మొగిలప్ప చెప్పినాడు:
ఎనిమిదికి ఏడు గీతలూ కావాల పాపా,
ఒక్క గీత చచ్చిపోయిందనుకో
ఎనిమిది ఆరవుతుంది, తొమ్మిదవుతుంది, సున్నా అవుతుంది,
ఒకరి పాలు ఇంకొకరి లెక్కలో కలిసిపోతాయి.
అందుకే అది పొద్దున్నే ఒళ్ళంతా ఎలిగించి చూపిస్తుంది,
చూసుకోండి, నా దగ్గర దాపరికం లేదని.

వెన్న చూసే మిషను అట్లా కాదు.
దానికి గుట్టెక్కువ.
జ్ఞాపకాల గదులన్నీ లోపల్లోపలే తట్టి,
రాసింది రాసినట్టుందా, ఎలకలు కొట్టినాయా అని
అంతా కూడి
ఎప్పుడో దాచుకున్న కూడికతో సరిచూసుకుంటుంది.
గొట్టంతో ఒక గుటక నీళ్ళు పీల్చి
ఇందులో వెన్న లేదని
తనకు తాను చెప్పుకున్నాకే పచ్చదీపం.

ఈపొద్దు చెప్పుకోలేకపోయింది.
కీచుమని కూత. ఎర్రదీపం. చీకటి.
మళ్ళీ మొదట్నుంచి.
కూత. ఎరుపు. చీకటి.

బయట క్యాన్ల వరస,
చెవులకు తుండుగుడ్డలు చుట్టుకున్న మనుషులు.
దిష్టి తగిలింది, మిరపకాయలు తిప్పమనింది రెడ్డెమ్మత్త.
నెత్తిన ఒకటి మొట్టమన్నాడు కోటాలప్ప.
పలమనేరు నుంచి ఫోనులో మొగిలప్ప, నిద్రగొంతుతో:
"ముట్టుకోవద్దు. మూడుసార్లు పడనీ."

లోపల ఒక కాపలావాడు ఉంటాడంట.
వాడు ఎంచేలోపల
ఉండానని పలకాల.
పలక్కపోతే ఏమైందని అడగడు,
మెడబట్టి మొదటికి తోస్తాడు.
మూడుసార్లు తోసినా నిలవకపోతే
పోయిన నెల ఎక్కించిన కొత్త పాఠాన్ని పక్కనబెట్టి
పుట్టినప్పుడు నేర్పిన పాత పాఠం తీస్తాడంట.
దాన్ని ఎవరూ చెరపలేని చోట పెట్టుంటారంట.

నాలుగోసారి కూత రాలేదు.
చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత పచ్చదీపం,
తన మీద తనకే నమ్మకం లేనట్టు.

రెడ్డెమ్మత్త పాలు పోసింది.
చీటీ కరకరమంటా బయటికొచ్చింది.
లీటర్లు సరే, వెన్న సరే,
రేటు సున్నా,
తేదీ రెండువేల సంవత్సరం జనవరి ఒకటి.

లేచింది గానీ దానికి ఇది ఏ ఏడో తెలీదు,
ఏ ఊరో తెలీదు.
పాలంటే ఏందో మాత్రం మర్చిపోలేదు.

చీటీ వరస వెంబడి చేతులు మారింది.
ఆపొద్దు నాకు నాలుగేళ్ళు.
"నాకు పదకొండు పశువులు" అన్నాడు కోటాలప్ప
తన ఒక్క క్యాను వైపు చూస్తా.
చదివించుకుని విన్న రెడ్డెమ్మత్త మాత్రం
"అప్పటి రేటుకైతే నేను పొయ్యను పో" అని నవ్వింది.

నేను బటను పట్టుకున్నా.
ఏడాదికి ఒక నొక్కు.
మూడో నొక్కుకి ఎవరో "కరువు" అన్నారు.
పదిహేడో నొక్కు నా పెళ్ళి, ఎవరికీ చెప్పలా.
ఇరవయ్యో నొక్కు కాడ వేలు దానంతటదే ఆగింది.
ఆ ఏడు ఈ గడప ముందరే
కొనే లారీ రాక పాలు పారబోసినాం.
ఎవరూ ఏమీ అనలేదు.
క్యాను మూత ఒకటి మాత్రం ఎవరో సరిచేసినారు.

మళ్ళీ నొక్కినా. ఈ ఏటికొచ్చి ఆగినా.
రేటు చేత్తో ఎక్కించినా.

"పలికిందా?" అని మొగిలప్ప.
"పలికింది."
"పాతదే గదా నడస్తా ఉండేది. రేపొచ్చి కొత్తది ఎక్కిస్తాలే."
"తొందరేం లేదు" అన్నా.

ఆ చీటీ రెడ్డెమ్మత్త అడగలేదు, నేను పారెయ్యలేదు.
కాటా మీద క్యాను దించితే
సున్నాలు.
పక్క క్యాను పెట్టమన్నా.